ఒడిబియ్యంలో పురుగు

మీ ఇంట్లో బియ్యానికి పురుగు పడితే మీరు మొదట దేన్ని చూస్తారు? బియ్యం కుండనా, ఇంట్లో ఎవరో ఒకరి ముఖాన్నా? తొందరపడి జవాబు చెప్పకండి. నేను ఊళ్ళో హేతువాదం మీద ఉపన్యాసాలిస్తున్న రోజుల్లోనే, మా ఇంట్లో అందరం ముఖమే చూశాం. కుండ వైపు తిరగడానికి మాకు రెండేళ్ళు పైనే పట్టింది.

మెదక్‌లో చర్చి గంట వినిపించే వాడకట్టులో మా ఇల్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడెనిమిదేళ్ళయి ఉంటుంది. నాన్న అప్పటికే లేడు. అమ్మ, అన్న, వదిన, నేను. వంటింటి పక్కన కిటికీ లేని చిన్న గదిని సామాన్ల అర్ర అనేవాళ్ళం. అందులో నడుమెత్తు మట్టి గోలెం నిండా బియ్యం, దాని చుట్టూ పప్పుల కుండలు. అర్ర తాళంచెవి అమ్మ కొంగున ఉండేది. మగవాళ్ళం అందులోకి తొంగి చూసేవాళ్ళం కాదు.

వదినది రేగోడ్ దగ్గర పల్లె. పెళ్ళయిన మూడో ఏట తల్లిగారింటికి పోయి ఒడిబియ్యం పోయించుకుని వచ్చింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి, ఖర్జూరాలు కూతురి ఒళ్ళో పోసి పంపడం మా వైపు ఆచారం. ఆ బియ్యాన్ని అత్తవారింట వండి వాడకట్టు వాళ్ళకు పెట్టాలి. మంచిరోజు కుదరలేదని అమ్మ ఆ మూటను నెలరోజులు అర్రలోనే, గోలెం పక్కన ఉంచింది.

భోజనాలనాడు ఆడవాళ్ళు ఏడెనిమిది మంది వరుసగా కూర్చున్నారు. వదిన వడ్డిస్తోంది. పచ్చని అన్నంలో నల్లని చుక్కలు కనబడ్డాయి.

"ఏందక్కా, జీలకర్ర ఏసి వండిన్రా?" అంది ఒకామె.

పక్కామె విస్తరి మీదికి వంగి చూసి, "జీలకర్రకు ముక్కులుంటయా?" అంది.

నవ్వులు లేచాయి. అమ్మ ముఖం నల్లబడింది. ఇంటికొచ్చిన అవమానాన్ని ఒక్క క్షణంలో ఎవరి మీదికో తోసేయాలి. ఆమె తోసేసింది. "మా ఇంటి బియ్యం గావు తల్లీ. కోడలు తల్లిగారియి. మా వియ్యపురాలు ఏరుకోని ఏరుకోని పంపింది!"

మళ్ళీ నవ్వారు. వదిన గంటె పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత ఒక్కరూ అన్నం ముట్టలేదు.

ఆ రోజుతో మొదలైన పోరు తెగలేదు. బియ్యమంతా చాపల మీద ఎండబోశారు, జల్లించారు, చేటల్లో చెరిగారు. గోలెంలో వేపాకు పరిచారు, ఎండుమిరపకాయలు వేశారు. కందిపప్పుకు ఆముదం పట్టించారు. గోడలకు సున్నం కొట్టారు. ఇరవై రోజులు ప్రశాంతం. ఆ తర్వాత ఒక పొద్దున బియ్యం కడిగే గిన్నెలో నీళ్ళ మీద మళ్ళీ అవే ముక్కుపురుగులు తేలేవి. చెరగడం, ఏరడం అంతా వదిన పనే. పైగా, పురుగు కనిపించిన ప్రతిసారీ అమ్మ నోట ఒకటే మాట: "తల్లిగారి పుర్గు." అన్న నవ్వి ఊరుకునేవాడు. పక్కింటివాళ్ళు చేట అప్పిచ్చినా, "మళ్ళ జాడిచ్చి ఇయ్యుండ్రి, మీ కోడలి తల్లిగారియి మాకొద్దు" అనేవాళ్ళు. 

నేను? పురుగుకు పుట్టిల్లూ అత్తిల్లూ తెలియవని అమ్మతో వాదించేవాణ్ణి. వాదనలో గెలిచేవాణ్ణి కూడా. గెలిచి, చెప్పులు వేసుకుని గ్రంథాలయానికి పోయేవాణ్ణి. అర్ర తలుపు తీసి చూద్దామని ఒక్కసారైనా తోచలేదు.

పెళ్ళయిన ఐదో ఏడు వచ్చింది, మళ్ళీ ఒడిబియ్యం పోయాల్సిన ఏడు. ఎండాకాలంలో వదిన తమ్ముడు ఎడ్లబండి కట్టుకుని వచ్చాడు. అతను గడప దగ్గరే కూర్చుని చెప్పాడు: "అత్తమ్మా, మా అమ్మకు పక్షవాతమొచ్చింది. ఒక చెయ్యి పడిపోయింది. మంచిగున్న చేత్తోనన్న బిడ్డకు ఒడిబియ్యం పోస్తనంటుంది. అక్కను పంపుండ్రి."

"పిల్లను దీస్కపో. బియ్యం మాత్రం నా గడప దాటొద్దు. ఉన్న పుర్గులతోనే సస్తున్నం."

"వట్టి ఒడితోని ఎట్ల పంపుతం? మా అమ్మ తట్టుకోదు అత్తమ్మా."

"గట్లయితే పంపేదే లేదు."

అన్న గోడ వైపు చూశాడు. వదిన నా వైపు తిరిగింది. "తమ్మీ, సదువుకున్నోనివి. నువ్వన్న జర జెప్పు."

నేను చెప్పిన మాటను ఇక్కడ రాయక తప్పదు. "ఒడిల బియ్యం పోస్తెనే ప్రేమ ఉన్నట్టా వదినా? అర్థం లేని ఆచారం. ఆగిపోతే మంచిదే గదా" అన్నాను. అంతకు ముందు వారమే ఇదే విషయం మీద మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ మత్తు ఇంకా దిగలేదు.

"నాకు బియ్యం గాదు తమ్మీ. అమ్మ గావాలె" అంది వదిన.

బండి ఖాళీగా వెళ్ళిపోయింది. తొలకరి పడ్డ వారానికి ఆమె తల్లి చనిపోయిందని కబురొచ్చింది. అప్పుడు ఎవరూ అడ్డు చెప్పలేదు. చావుకు పంపడానికి ఏ ఆచారమూ అడ్డురాదు.

ఆ చలికాలం హవేలిఘనపూర్ నుంచి కొత్త బియ్యం వచ్చాయి. గోలెం ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టి, వేపాకు పొగ పెట్టి నింపారు. ఇరవై రోజులకు పురుగు. అప్పుడు, అంత ఆలస్యంగా, నా బుర్రకు ఒక ప్రశ్న తట్టింది. రేగోడ్ గింజ ఈ ఇంట్లో అడుగుపెట్టి మూడేళ్ళు కావస్తోంది. మరి ఇవెక్కడివి?

అమ్మను తాళంచెవి అడిగాను. గోలెం మూత మీద పాత పత్రిక పరిచి వచ్చాను. మర్నాడు మధ్యాహ్నం దీపం పట్టుకుని చూస్తే, కాగితం మీద సన్నని పిండి. ఆ పిండిలో రెండు పురుగులు నడుస్తున్నాయి. తల పైకెత్తాను. సరిగ్గా పైన, దూలానికి, మసిబారిన పసుపు గుడ్డ మూట ఒకటి వేలాడుతోంది. చేత్తో తాకితే, పురుగు పట్టిన గింజల్లాగే, వెచ్చగా ఉంది.

"దాన్ని ముట్టకు!" అమ్మ వెనక నుంచి అరిచింది. "ముడుపు అది. నీ ముడుపే."

నా పన్నెండో ఏట టైఫాయిడ్ వచ్చి బతకననుకున్నప్పుడు కట్టిందట. బతికితే నన్ను అమ్మవారి జాతరకు తీసుకుపోయి అక్కడే విప్పాలి. పదహారో ఏట నేను రానని తెగేసి చెప్పాను. ఆ తిరుగుబాటును ఎన్ని సభల్లో చెప్పుకున్నానో! మూట ఏమైందని మాత్రం ఎన్నడూ అడగలేదు. మొక్కు ఆలస్యమవుతోందన్న భయంతో అమ్మ ఏటేటా దోసెడు కొత్త బియ్యం పెట్టి, పాత మూట మీదే మరో గుడ్డ చుట్టేది.

"మరి ఇన్నేండ్లు విప్పలేదేందమ్మా?"

"నువ్వొస్తెనే గదా విప్పేది! నువ్వా, రానంటివి."

ఆమె భయంతో విప్పలేదు, నేను గర్వంతో పట్టించుకోలేదు. ఇద్దరం కలిసి పెంచిన పురుగుకు వదిన తల్లి పేరు పెట్టాం.

మూటను పెరట్లో విప్పాను. లోపల గింజ లేదు. పిండి, పొట్టు, కదిలే నలుపు. కాల్చేశాను. అమ్మ పదిరోజులు నాతో మాట్లాడలేదు గాని, రోజూ నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూసేది. అర్రంతా మరోసారి కడిగి నింపాక పురుగు మళ్ళీ రాలేదు.

వదినకు అంతా చెప్పాను. తప్పు మాదేనన్నాను. ఆమె చెరుగుతున్న చేట ఆపలేదు.

"నాకు జెప్తే ఏమొస్తది తమ్మీ? మా అమ్మ బియ్యం మంచియని నాకు ముందుగాలనే ఎర్కే. ఆనాడు నవ్వినోళ్ళకు జెప్పు."

వెళ్ళాను. ఆ రోజు విస్తరి ముందు కూర్చున్న వాళ్ళందరి గడపలూ తొక్కాను. అమ్మను రమ్మన్నాను, రాలేదు. ఒకామె, "గింత దానికి ఇల్లిల్లు తిరుగుడేంది బిడ్డా" అని నవ్వింది. జీలకర్రకు ముక్కులుంటయా అన్న ముసలామె నవ్వలేదు. "రేగోడ్ పోయి ఆమెకు జెప్పొచ్చినవా?" అంది. చనిపోయిందన్నాను. "మరి మాకెందుకు జెప్తున్నవ్ రా," అని తలుపు దగ్గరికి వేసుకుంది.

వందమంది ఎదుట మాట్లాడినవాణ్ణి, మూసిన ఆ తలుపు ముందు చెప్పులు వేసుకుని తర్వాతి గడపకు నడిచాను.

మీకూ ఇలాంటిది ఒకటి ఉంటుంది. పరీక్షించకుండా ఎవరి మీదో వేసిన నింద, నవ్వుతూ సాగనిచ్చిన నింద. మీరు వేయలేదు, విని ఊరుకున్నారంతే అనుకోవద్దు. నేనూ అలాగే అనుకున్నాను. ఇది చదవడం ఇక్కడితో ఆపి లేవండి. ఎవరి ముందు ఆ మాట అన్నారో వాళ్ళ ముందే, అంతే గట్టిగా, అది అబద్ధమని చెప్పండి. వినవలసిన మనిషి ఇంకా బతికే ఉంటే ముందు అక్కడికే వెళ్ళండి. రేపు కాదు, ఈ పూటే వెళ్ళండి.