గార్డుకు ముద్ద పెట్టిన మారెక్క

మా మారెక్క పెద్దమ్మ మొన్న తెల్లవారుజామున కన్నుమూసింది. కబురు తెచ్చినవాణ్ణి "పొద్దున్నే పరాచికాలేందప్పా?" అని కసిరాను. ఊరందరినీ ఆటపట్టించే నాకు, ఒకరి మాట నిజమని నమ్మడానికి అంతసేపు పట్టడం అదే మొదలు.

గుమ్మఘట్ట దాపున మా ఊరికి సర్కారు అడవే ఇరుగుపొరుగు. మేకలే జీవనాధారం. డెబ్బైల చివర ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. చేలల్లో గడ్డిపోచ లేదు. అడవి కంచె లోపల, మేకలు మేయని కొండమీద మాత్రం నడుమెత్తు గడ్డి, మా మాటలో కసువు. కంచె దాటిన మేకలను, గోరంట్ల నుంచి వచ్చిన కుర్ర ఫారెస్టు గార్డు బందెలదొడ్డిలో కట్టేసేవాడు. వంట రాని ఆ ఒంటరివాడికి రోజూ ముద్ద పెట్టేది పెద్దమ్మే.

ఒకనాడు గార్డు ఆమె మేకలనే దొడ్డిలో కట్టేసి, మధ్యాహ్నం యథాప్రకారం ముద్దకు ఆమె గడప ముందు నిలబడ్డాడు.

"నా మేకల్ని కట్టేసినావంట?"

"కట్టేసినానమ్మా."

"నీళ్లు పెట్టినావా?"

"పెట్టినా."

"అట్లయితే కూర్చో. నువ్వూ తిను."

ఊరు భగ్గుమంది. "వానికి ముద్ద పెట్టేదేందక్కా, సిగ్గు లేదా?" అని మగవాళ్లు నిలదీశారు.

"కొట్లాట కంచెతోనప్పా, వాని కడుపుతో కాదు" అంది.

ఆ ఔదార్యం ముందు నా వెటకారం కూడా చేతులు కట్టుకుంది.

పెద్దమ్మ దండుగ కట్టి మేకలను విడిపించుకుంది. మర్నాడు ముద్ద వడ్డిస్తూనే గార్డును అడిగింది: "మేకలెక్కితే మొక్కలు కొరుకుతాయి, నిజమే. మేమే ఎక్కి కసువు కోసుకొస్తే నీ చెట్లకేం నొప్పి?" గార్డు తలూపాడు. ఆడవాళ్లను వెంటబెట్టుకొని పెద్దమ్మ కొండెక్కింది.

కొద్దిరోజులకే గార్డు పైఅధికారి, రేంజరు, వచ్చిపడ్డాడు. మోపులతో దిగుతున్నవాళ్లను ఆపి, "ఎవరు పొమ్మన్నారు?" అని గర్జించాడు. పక్కనే ఉన్న గార్డుకు ఉద్యోగం ఊడేటట్టుంది. పెద్దమ్మ తన మోపు రేంజరు కాళ్ల ముందు దించింది.

"ఎవురూ పొమ్మన్లేదు సామీ. నేనే ముందు నడిచినా. మేకలు ఆకలికి అరుస్తాండాయి, ఏం చేయల్ల? కట్టేసేటట్టుంటే నన్ను బందెలదొడ్డిలో కట్టేయి. నీళ్లు మాత్రం పెట్టించు."

వెనక ఒక్కొక్క మోపే దిగింది. "నన్నూ కట్టేయి సామీ." "నన్నూ."

రేంజరు మోపులన్నీ కలియజూశాడు. ఒక్క కొమ్మ లేదు, ఒక్క మొక్క లేదు, అంతా ఎండుకసువే. "కసువే కోయండి. మేక కనపడిందా, ఊరుకోను" అని జీపెక్కాడు.

ఆ కరువుకు చుట్టుపక్కల మందలన్నీ కటికవాళ్ల పాలయ్యాయి. మా మందలు నిలిచాయి, మా పొయ్యిలూ వెలిగాయి. ఆనాటి నుంచి ఏటా కసువుకోతకు కొండెక్కేటప్పుడు ముందు నడిచేది పెద్దమ్మే. అంతటి నిర్భయమూర్తిని ఈ జన్మలో మళ్లీ చూడను.

నిన్న ఆమెను మట్టిలో పెట్టి వచ్చాం. ఈ పొద్దున ఆడవాళ్లు కొడవళ్లు పట్టుకొని కొండ మొదటికి పోయారు. పోయి అందరూ నిలబడిపోయారు. ముందు ఎవరు నడవాలో ఎవరికీ తెలియలేదు.