దుంగకు పసుపు పెట్టని అవ్వ

నా చిన్నప్పుడు మా ఊరి గోదావరి ఒడ్డున ఒక కలప డిపో ఉండేది. ఆదిలాబాద్ అడవుల్లో కొట్టిన టేకు దుంగలను తెప్పలు కట్టి నీళ్ల మీద తెచ్చేవారు. వాటిని ఒడ్డుకు లాగాకే డిపో సుత్తితో ముద్ర కొట్టేవారు. మా బాపు ఆ లాగే కూలీల్లో ఒకడు. ఒక పొద్దున ముద్ర పడిన దుంగ దొర్లి ఆయన మోకాలు నుజ్జు చేసింది.

మూడో నాడు డిపో కంట్రాక్టరు గుమాస్తా మా వాకిట్లోకి వచ్చాడు. పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలని అప్పటికే చట్టం ఉంది. మా అవ్వతో, అంటే అమ్మతో, వాడన్న మాట వేరు. "నీ పెనిమిటికి దెబ్బ నీళ్లల్ల తాకింది చెల్లె. నీళ్లు తెప్పలోళ్లయి. మాది ఒడ్డు మీది పనే" అన్నాడు. తెప్పలవాళ్లను అడిగితే, ఒడ్డు మీద జరిగింది మాకెందుకన్నారు. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర. చెల్లె అని పిలిచిన ఆ నోటిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆ దుంగ బండెక్కి పోతే చూపించడానికి ఏమీ మిగలదని అవ్వకు తెలుసు. అయితే మా వైపు కలప బండ్లవాళ్లకు ఒక పట్టింపు ఉండేది. మనిషి రక్తం చూసిన దుంగకు ఆ ఇంటి ఆడమనిషి పసుపు పెట్టనిదే బండి ఎక్కించరు. ఎక్కిస్తే ఇరుసు విరుగుతుందని భయం. మర్నాడే గుమాస్తా పసుపు పెట్టి పొమ్మని కబురు పంపాడు.

"ఇంట్ల పసుపు లేదు" అంది అవ్వ.

వాడే పొట్లం కట్టించుకుని వచ్చాడు. పరాయి ఇంటి పసుపు చెల్లదంది. మా ఇంట్లో డబ్బా నిండా ఉందని నేను చెప్పబోతే తొడపాశం పెట్టింది.

గుమాస్తా ఎంత తిట్టినా బండ్లవాళ్లు దుంగను ముట్టలేదు. తోటి కూలీలు పెట్టిన దరఖాస్తు మీద పది రోజులకు కరీంనగర్ నుంచి విచారణకు ఆఫీసరు వచ్చాడు. దుంగ నీటికి చాలా ఎగువన పొడి నేల మీద ఉంది. దాని మీద ముద్ర, ముద్ర పక్కన ఎండిన రక్తం.

"నీళ్లల్ల ఉన్న దుంగకు ముద్రేస్తరా సారూ?" అని అవ్వ అడిగింది.

ఆఫీసరు అంతా రాసుకుని సంతకం చేశాకే అవ్వ ఇంటికి పోయి డబ్బా తెచ్చి దుంగకు పసుపు పెట్టింది. పరిహారం వచ్చింది. బాపు కాలు రాలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఎవరైనా తియ్యగా వరస కలిపి, అయిందేదో అయింది, ఇక వదిలెయ్యమ్మా అంటే నా నోటికి ఒక్కటే మాట వస్తుంది. ఇంట్ల పసుపు లేదు.