మోకాలి లోతు మంజీరలో రెండు డబ్బాలు

నీళ్లంటే నాకు భయం. తాగే నీళ్లతో గొడవ లేదు, అవి నా లోపలికి పోతాయి. నేను వాటి లోపలికి పోవడంతోనే పేచీ. తల మీద చెంబెడు పడితే చాలు, ఊపిరి ఎలా తీసుకోవాలో ముక్కు మరిచిపోతుంది. ఇరవై నాలుగేళ్లొచ్చినా స్నానాల గది తలుపు ఓరగా తెరిచిపెట్టే తలంటుకుంటాను. ఎవరూ అటు రాకుండా పాడుతుంటాను. నా గొంతు విన్నవాళ్లెవరూ రారు.

తాత పోయాక ఈ రహస్యం బయటపడింది. ఆయనకు కొడుకులు లేరు. కూతురి కొడుకుగా కొరివి పెట్టింది నేనే. పదో రోజు మంజీర నదిలో అస్థికలు కలిపి మూడుసార్లు మునగాల్సిందీ నేనే. చిన్నప్పుడు నా నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి, కళ్లలో చుక్క పడకుండా తలంటింది తాత ఒక్కడే. ఆయన పని ఇంకొకరితో చేయించడం నాకూ ఇష్టం లేదు. అయినా కర్మ జరిపించే అయ్యగారిని అడిగి చూశాను.

"నా బదులు మా బావ మునిగితే నడవదా?"

"నీ బదులు అన్నం గూడ ఆయననే తినమంటవా?"

"తింట," అన్నాడు బావ. బావంటే మా అక్క మొగుడు.

బాన్సువాడలో డాక్టరు దగ్గరికి పోయాను. "ఇది ఫోబియా, పిరికితనం కాదు. ప్రమాదం లేదని నీకు తెలుసు, నీ ఒంటికి తెలవదు. కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలె," అన్నాడాయన.

"ఎన్ని రోజులు పడ్తది సార్?"

"నెలలు గూడ పట్టొచ్చు."

"నాకు ఆరు రోజులే ఉన్నయి."

దానికి ఆయన దగ్గర గోళీ లేదు.

బర్రెలు నీళ్లు తాగే తొట్టిలో సాధన మొదలుపెట్టాను. మొదటిరోజు వేళ్లు, మూడోరోజు మోచేతులు, అయిదోరోజు గడ్డం. అవతలి అంచున బర్రె నన్ను చూస్తూ నెమరు వేసేది.

"తొట్టిల ఏం బోయిందిరా?" అంది పక్కింటి అక్క.

"ధైర్యం బోయిందక్కా, దేవులాడుతున్న."

బావకు డాక్టరు మీద నమ్మకం లేదు. మా వైపు ఈత నేర్పాలంటే వీపుకు ఖాళీ నూనె డబ్బాలు కట్టి బావిలోకి తోస్తారు. పదో రోజు పొద్దున బావ నా వీపుకు రెండు డబ్బాలు పెట్టి, ఎద్దుకు వేసే ముడి వేశాడు. "ఇగ నువ్వు మునుగుమన్నా మునుగవు," అన్నాడు గర్వంగా. మునగడానికే పోతున్నామని ఇద్దరికీ తట్టలేదు.

మంజీర చేరాం. పది రోజులుగా లోతు గురించే మాట్లాడుకున్నాం తప్ప, వచ్చి చూసినవాడు లేడు. నీళ్లు మోకాలి దాకా కూడా లేవు. ఒక కుక్క కడుపు తడవకుండా మా వైపే నది దాటుతోంది.

అయినా నా కాళ్లు వణికాయి. ఒంటికి తెలియదని డాక్టరు అననే అన్నాడు. అస్థికలు కలిపి, కళ్లు మూసుకుని వెల్లకిలా పడుకున్నాను. డబ్బాలు నన్ను లేపి కూర్చోబెట్టాయి.

"తల తడ్వలే," అన్నాడు అయ్యగారు.

బావ నా భుజాలు పట్టి నొక్కాడు. నేను అరిచిన అరుపుకు కుక్క నడక ఆపింది.

"పోరన్ని సంపుతవా ఏంది? డబ్బాలు తియ్!" అంది అవ్వ, మా అమ్మమ్మ, ఒడ్డు నుంచి. తాత ఎన్ని తీర్థాలకు తీసుకుపోయినా, ఒడ్డున చెప్పులకు కాపలా ఉండేది అవ్వే.

తడిసిన ముడి ఊడిరాలేదు. అరిటాకులు కోసిన కత్తితో తాడు తెంపారు. డబ్బాలు మెల్లగా కొట్టుకుపోయాయి. బావ వాటి వెంట పోయాడు.

అప్పుడు అవ్వ నీళ్లలోకి వచ్చింది. పక్కన కూర్చుని నా నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి నాకంటే ఎక్కువ వణుకుతోంది.

"నీక్కూడా భయమా అవ్వా?"

"మీ తాతకు గూడ చెప్పలే. ఎవ్వరికి చెప్పకు. ముక్కు వట్టుకో."

రెండు మునకలు ఎలాగో అయ్యాయి. మూడోదానికి అవ్వ కూడా ముక్కు పట్టుకుంది. ఇద్దరం ఒకేసారి మునిగాం.

లేచి, కళ్లు తుడుచుకుని ఒడ్డు వైపు చూశాం. కాపలా లేని చెప్పుల్లోంచి బావది ఒకటి నోట కరుచుకుని కుక్క వెళ్లిపోతోంది.