కాటా మీద తేలిన నా పరుగు

బోధన్‌లో కాలేజీ చదువుతున్న రోజులవి. ఐదు మైళ్ల పరుగు పందెంలో గెలవాలంటే పొట్ట తగ్గాలని మూడు రోజులు అన్నం మానేసి చాయ్‌తో బతికాను. పందెంలో ఎడపల్లి ఊరి దారిలో సగం దూరం పోగానే కళ్లు తిరిగి పడిపోయాను. చక్కెర ఫ్యాక్టరీకి పోతున్న రైతొకాయన నన్ను తన చెరుకు బండి మీదికి ఎక్కించుకున్నాడట. కళ్లు తెరిచేసరికి బండి ఫ్యాక్టరీలో చెరుకు తూచే కాటా మీదుంది.

"కాకా, చెరుకుల చెత్తకు తూకం కోసినట్టు గీ పోరని బరువు గూడ కోసెయ్యాల్నా?" అన్నాడు కాటా గుమాస్తా.

ఆ రైతు కాకా నవ్వి, నా పస్తుల సంగతి అడిగి తెలుసుకుని, తన సద్దిలోంచి జొన్నరొట్టె, పప్పు నా చేతిలో పెట్టాడు.

"ఎడ్లను గూడ పస్తుంచి బండి కట్టం బిడ్డా. కొంచెం తగ్గించి తిను, రోజింత ఉరుకు. అదే కరుగుతది."

రొట్టె ముందు నా దీక్ష నిలవలేదు. ఆయన మాట ప్రకారం నెలనెలా కొద్దికొద్దిగా తగ్గాను. మరుసటేడు పందెంలో పదకొండోవాడిగా వచ్చాను. పరిగెత్తింది పన్నెండు మందే. అయినా గీత దాటాక కూడా నాకింకో మైలు ఊపిరి మిగిలింది.