గడప దాటని ఫెస్టీ

ఐర్లండులో మా క్లూనారా పల్లెలో స్టేషన్ పూజ ఎవరింటి వంతుకొస్తే ఆ ఇంటికి కొత్త రంగు పడుతుంది. ఏడాదికి రెండుసార్లు ఫాదర్ చర్చి వదిలి ఎవరో ఒకరి వంటింట్లో పూజ చదువుతాడు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా వస్తారు, ఆపైన అందరికీ ఫలహారం. ఒక్క ఇల్లు రాకపోయినా ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

ఈసారి వంతు అసంప్టా గార్వీది. బతుకంతా లండన్లో ఆస్పత్రి వార్డులు ఊడ్చి, ముసలితనంలో తిరిగొచ్చి, తమ్ముడు ఫెస్టీ పొలం పక్కనే చిన్న ఇల్లు కొనుక్కుంది. పక్కింటిదాన్ని కాబట్టి కర్టెన్లకూ కప్పులకూ సాసర్లకూ ఆమెకు నేనే దిక్కు. ఆ వారమంతా ఒక్కచోట కూర్చుంటే ఒట్టు. తుడిచిన కిటికీనే మళ్లీ తుడిచేది. వేసిన రంగు మీదే మళ్లీ రంగు వేసేది. మహాతల్లి, నన్ను కూడా కుదురుగా ఉండనివ్వలేదు.

కారణం నాకు తెలుసు. చలికాలంలో ఇంగ్లండు రాజు పేరు మీద ఆమెకో పతకం వచ్చింది, లండన్ చేరిన మన ఐరిష్ పిల్లలకు చేసిన సేవకని. ఆ సంగతి పేపర్లో పడ్డ రోజే ఫెస్టీ కొట్టు దగ్గర నిలబడి, "మా తాత ఇల్లు తగలబెట్టింది ఎవరి సైనికులు? ఆ రేకుముక్క ఉన్నంతకాలం నేనా గడప తొక్కను," అన్నాడు. అన్నాడంటే అన్నాడే. అక్క ఎదురొస్తే తల తిప్పుకుని పోయేవాడు. అసంప్టాకు మిగిలిన తోబుట్టువు అతనొక్కడే. ఇంట్లో పూజ జరిగే రోజు కూడా రాకపోతే ఇక ఆమె చచ్చేదాకా రాడు. ఆ బెంగతోనే ఆమెకు ముద్ద దిగేది కాదు.

"వెనక్కి పంపేయరాదూ, పీడా పోతుంది," అన్నాను కర్టెన్లు కుడుతూ.

"పంపను."

"అయితే అదెందుకిచ్చారో వాడికి విడమర్చి చెప్పు. వాడూ మనిషే కదా."

"ఏమని చెప్పను ఫిలో? కడుపుతో పడవ దిగి, లండన్ యూస్టన్ రైలు స్టేషన్లో దిక్కు తోచక నిలబడ్డ ఆడపిల్లల్ని నా ఇంటికి తీసుకుపోయానని చెప్పనా? ఎవరెవరని అడగడూ? అందులో ఈ ఊరి పిల్లలు లేరనుకున్నావా?"

నా చేతిలో సూది ఆగిపోయింది. ఆ రోజులు నాకు గుర్తే. అప్పటి పెద్ద ఫాదర్ పీఠం మీంచి పేరు పెట్టి మరీ ఎండగట్టేవాడు. పొట్ట కనపడేలోగా పిల్ల పడవైనా ఎక్కాలి, సిస్టర్ల ఆశ్రమం గోడల వెనక్కైనా పోవాలి. హోటల్లో పనికెళ్లిందని ఇంట్లోవాళ్లు చెప్పేవాళ్లు, ఊరు తలూపేది. ఎవరెవరు అలా వెళ్లారో లెక్కేసుకోబోయి, భయమేసి మానేశాను.

ఇప్పుడున్న ఫాదర్ కోల్మన్ కుర్రవాడు, మంచివాడు, నోరు మాత్రం ఆగదు. ముందురోజు వచ్చి, "చర్చి చెయ్యాల్సిన పని మీరు చేశారమ్మా. రేపు పూజలో నాలుగు మాటలు చెప్పి తీరతాను," అన్నాడు.

"ఒక్క మాట చెప్పినా మీకు నా ఇంట్లో టీ పుట్టదు ఫాదర్."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మర్నాడు పొద్దుటినుంచీ వాన. వంటింటి బల్లను ఇటుకల మీద ఎత్తి, తెల్లగుడ్డ పరిచి, కొవ్వొత్తులు పెట్టాం. అందరూ వచ్చారు. ఫెస్టీ భార్య నోనీ తను కాల్చిన రొట్టె పట్టుకుని వచ్చింది. ఆమెను కార్లో దింపిన ఫెస్టీ వెళ్లిపోలేదు, అలాగని లోపలికీ రాలేదు. తెరిచిన తలుపు ఎదురుగా, చూరు కింద, టోపీతో నిలబడ్డాడు. పూజ సాగినంతసేపూ అసంప్టా కళ్లు వాకిలి మీదే. దివ్యసత్ప్రసాదం నోట్లో పెట్టే వేళకు ఫాదరే గుమ్మం దాకా నడిచాడు. ఫెస్టీ కాళ్లు బయటే ఉంచి, మెడ మాత్రం లోపలికి చాచి నోరు తెరిచాడు. నవ్వాపుకోలేక చచ్చాననుకోండి.

ఫాదర్ అసంప్టా మాటే విన్నాడు, పతకం ఊసెత్తలేదు. ఫలహారాలు మొదలయ్యాక అసంప్టా ఒక కప్పు టీ పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"రాజుగారి టీ నాకొద్దు," అన్నాడు ఫెస్టీ, అందరికీ వినబడేలా. "అసలేం ఊడబొడిచావని ఇచ్చాడే అక్కా?"

"టీ కాచాను."

"టీ కాస్తే పతకమా? మా నోనీ యాభై ఏళ్లుగా కాస్తోంది. దానికేదీ మరి?"

కొందరు నవ్వారు. నోనీ చేతిలోని కప్పు బల్ల మీద పెట్టింది.

"నాకూ కాచింది," అంది.

"ఏంటీ?"

"మీ అక్క. మన పెళ్లికి రెండేళ్ల ముందు. లండన్ హోటల్లో పనిచేశానని చెప్పానే, ఆ ఆర్నెల్లూ హోటలూ లేదు, ఏమీ లేదు. వదిన ఇంట్లో ఉన్నాను."

"నోనీ, వద్దమ్మా," అంది అసంప్టా.

"నువ్వుండు వదినా. ఇన్నేళ్లూ నేను ఉన్నాను కదా, నోరు మూసుకుని."

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఫాదర్ తన కప్పులోకి చూస్తున్నాడు. నోనీ లండన్ వెళ్లకముందు డాన్సు హాలు నుంచి సైకిల్ మీద ఆమెను ఇంటికి దింపింది ఫెస్టీయే, ఊరంతా ఎరుగుదుం.

ఫెస్టీ నోనీ దగ్గరికి వచ్చాడు. గడప ఎప్పుడు దాటాడో అతనికే తెలీదు. టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు అప్పటి పెద్ద ఫాదర్ దగ్గరికే పోయేవాడివి, ఏం చెయ్యాలని అడగడానికి. అవునా కాదా?"

అతను టోపీ బల్ల మీద పెట్టాడు. "పాపా? బాబా?" అన్నాడు.

"పాప. దత్తతకి తీసుకుపోయారు. పేరు మాత్రం నేనే పెట్టాను."

"ఏమని?"

"డెలియా."

అది ఫెస్టీ తల్లి పేరు. అతను కుర్చీలో కూలబడ్డాడు. అసంప్టా ఆ టీనే తెచ్చి ముందు పెట్టింది. అతను కప్పు ముట్టుకోలేదు, అక్క ముంజేయి పట్టుకున్నాడు.

"నువ్వు ఎత్తుకున్నావా దాన్ని?"

"మేనత్తని కదరా, ఎత్తుకోనా," అంది అసంప్టా.