గాలి పలకలకు రంగు పట్టిన రోజు

మా ఆవిడకి చెవి ఆపరేషన్ అయిన ఏడాది, నా బండి వెనక సీటు ఖాళీ అయిపోయింది. అంతకుముందు సెలవు దొరికితే చాలు, శ్రీకాకుళం నుంచి ఇద్దరం ఎటో ఒకవైపు బయల్దేరేవాళ్లం. దూర ప్రయాణాలకని ముచ్చటపడి కొన్న పెద్ద బండి అది. చెవి మానిపోయింది, బండెక్కొచ్చు అన్నారు డాక్టరు. కానీ బండి కాస్త వేగం అందుకుంటే పక్కల నుంచి కొట్టే గాలి ఆమె హెల్మెట్‌లో దూరి హోరుమనేది. పాతపట్నం వెళ్దామని బయల్దేరిన మొదటిసారే దారిలో నా భుజం తట్టి ఆపించింది.

"నావల్ల కాదు మావా. నువ్వు బండి మీద రా, నేను బస్సెక్కి వస్తాను" అంది.

బస్సు వెనకాలే నేను బండి తోలుకుంటూ వెళ్లాను. పాతపట్నంలో కలుసుకుని ఇద్దరం నవ్వుకున్నాం గానీ, నాకు మనసులో ఎలాగో అయిపోయింది.

అది 2016 వేసవి. ఆ నెలలోనే ఇంటర్నెట్‌లో వెతికి విండ్ డిఫ్లెక్టర్లు తెప్పించాను. బండి ముందు అద్దానికి రెండు పక్కలా రెక్కల్లా బిగించే ప్లాస్టిక్ పలకలవి. ఎదురుగాలిని పక్కకి తోసేస్తాయి. మా బండికి సరిగ్గా కుదరలేదు. హ్యాండిల్ తిప్పితే కింది అంచు తగిలేది. పెరట్లో కూర్చుని హాక్సా బ్లేడుతో ఆ అంచు కోసి, గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశాను. ఒక్కణ్ణే వెళ్లి చూశాను. గాలి నిజంగానే తగ్గింది. కానీ అవి ఏ రంగూ లేని గాజులాంటివి. పొద్దున్నపూట తూర్పుకి పోతుంటే ఎండ వాటి మీద పడి తిన్నగా నా కళ్లలోకి కొట్టేది. కార్ల అద్దాలకి వేసే నల్ల ఫిల్మ్ అంటిస్తే, పలకల వంపులో బుడగలు లేచి మొదటి వానకే ఊడిపోయింది.

మా వీధి చివర, వెలిసిన చీరలకి మళ్లీ రంగు వేసే పెద్దావిడ ఉండేది. ఇక ఏం చెయ్యాలో తోచక ఆమె దగ్గరికి తీసుకెళ్లాను. పలకని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటి బాబూ ఇది? గుడ్డ కాదు, ఏటీ కాదు. దీనికి రంగేటి?"

మా ఆవిడ సంగతంతా చెప్పాను. పెద్దావిడ రంగు కలిపే గరిట పక్కన పెట్టి విన్నది.

"నూలుకేసే రంగు దీనికి అంటదు. పాలిస్టరు సీరలకేసే రంగుంది, అది ఏడి మీద పట్టుకుంటాది. సూద్దాం. ముందు పనికిరాని ముక్క ఏటైనా ఉంటే తే."

కోసిన అంచు ముక్కలు తెచ్చి ఇచ్చాను. మొదటిది మరిగే నీళ్లలో వేస్తే అప్పడంలా చుట్టుకుపోయింది. ఆమె మంట తగ్గించి రెండోది వేసింది. కాసేపటికోసారి పుల్లతో పైకెత్తి వెలుతురుకి పెట్టి చూసేది. నలుపు అడిగితే తాటిబెల్లం రంగు వచ్చింది.

"నలుపు రాలేదు బాబూ" అంది చిన్నబోయి.

"ఇదే బాగుంది పెద్దమ్మా, ఇదే వెయ్యి" అన్నాను.

పెద్ద గంగాళంలో రెండు పలకలూ ముంచి, మధ్యాహ్నం దాకా పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు ఆవిడ.

ఆ ఆదివారం పొద్దున్నే సముద్రపు ఒడ్డునున్న భావనపాడుకి ఇద్దరం బయల్దేరాం. ఎండ ఎదురుగా వచ్చినా పలకలు తళుక్కుమనలేదు. ఆమెకి ఎలా ఉందోనని దారిలో టెక్కలిలో భయంభయంగా బండి ఆపాను.

"ఆపీసినావేటి మావా? నాకు బాగానే ఉన్నాది, పద" అంది మా ఆవిడ.

భావనపాడులో అప్పుడే పడవలు ఒడ్డుకి చేరుతున్నాయి. బుట్టలో ఇంకా మెరుస్తున్న కవళ్ల చేపలు కొని, తిరిగొచ్చాక తిన్నగా పెద్దావిడ ఇంటి ముందు ఆగాం.

"నాకెందుకు బాబూ ఇన్ని సేపలు!" అని కసిరి, మా ఆవిడ గడ్డం పట్టుకుని, "సెవిలో హోరు లేదు కదా తల్లీ?" అని అడిగింది. లేదని మా ఆవిడ తలూపితే, పలక మీది దుమ్ముని తన కొంగుతో తుడిచి మురిసిపోయింది.

ఆ తరవాత నాలుగేళ్లు ఆ పలకలతోనే తిరిగాం. మా పని జరిగిన రోజు ఆమె గుమ్మం పక్కన ముగ్గురెవరివో మూడు చీరలు, మా పలకల కోసం ఆమె పక్కన పెట్టేసినవి, బకెట్లో నానుతూ ఉన్నాయని నాకు చాలా రోజుల తరవాత తట్టింది. ఆమెతోపాటు, చీరలు ఆలస్యమైనా ఓర్చుకున్న ఆ ముగ్గురికీ కూడా మనసులోనే దండం పెట్టుకుంటాను.