ప్రీవియస్ బటన్ లేని చివరి పేజీ

రెడ్డెప్పన్న పోయాడని నిన్న పొద్దున ఫోన్.

"ఏ రెడ్డెప్ప?" అన్నాను. మా ఆఫీసులో ఉన్నది ఒకే రెడ్డెప్ప. అయినా అడిగాను.

కుప్పం పోదామని ఇంటి నుంచి బయల్దేరాడట. పుంగనూరు బస్టాండులో టీ తాగుతూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. మనిషి సొంతూరు దాటనే లేదు.

ఆ ఫోన్ వచ్చినప్పుడు మదనపల్లె ఆఫీసులో నా స్క్రీన్ మీద ఉన్నది ఆయన చేసిన హెల్ప్ ఫైలే.

అదీ చివరి పేజీ.



తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. పాల సెంటర్లకు మేము సాఫ్ట్‌వేర్ చేస్తాం. దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలు అన్న రాస్తాడు, నేను టెస్ట్ చేస్తాను. నెక్స్ట్ నొక్కితే ఏ పేజీ రావాలి, ప్రీవియస్ నొక్కితే ఏ పేజీకి పోవాలి, ఆ వరస అంటే ఆయనకు ప్రాణం.

అందుకోసం కుప్పం సెంటర్‌కు పోయి కూర్చునేవాడు. పాలు పోయించుకునే అమ్మాయి ఏ పని తర్వాత ఏ పని చేస్తుందో చూసి, పేజీలను అలాగే పేర్చేవాడు.

"దోవ తెలీనోళ్ళకి నాలుగు దోవలు సూపించకూడదప్పా. ఒకటే సూపించాల" అనేవాడు.

మేం 'నెక్స్టప్ప' అని ఏడిపించేవాళ్ళం. నవ్వేవాడు, మహానుభావుడు.

పోయిన వారం 'రోజు ముగించడం' అనే చివరి పేజీలో ప్రీవియస్ బటన్ తీసేశాడు. నేను బగ్ అని, అంటే సరిచెయ్యాల్సిన తప్పని, రాశాను. మర్చిపోయావా అన్నా అని కూడా అడిగాను.

తల ఎత్తలేదు.

"మర్సిపోలేదప్పా. ఆడిదాకా వచ్చినోడు మళ్ళా వెనక్కి తిరక్కూడదు."



నిన్న సాయంత్రం శ్మశానంలో చితి అంటుకున్నాక ఒక పెద్దాయన అరిచాడు. "పదండప్పా! ఎవురూ వెనక్కి తిరిగి సూడొద్దండి."

అందరికీ తెలిసిన ఆచారమే. కానీ వీపు వెనకాలే ఎవరో నిలబడి ఉన్నట్టు అనిపించింది. దేవుడా, ఎంత భయమేసిందో.

అన్న ఇంటికొచ్చాక చూస్తే ఆయన భార్య, మా వదిన, గోడకానుకుని కూర్చుని ఉంది. ఉండబట్టలేక బటన్ సంగతి చెప్పేశాను. ఫైల్ ఈరోజు కుప్పం పంపాలి. ఆ బటన్ పెడితే ఆయన మాట కొట్టేసినట్టు. పెట్టకపోతే, అన్న ఇక రాడని నేనే ఒప్పుకున్నట్టు.

అంతా విని వదిన అంది.

"పొద్దన గడప దాటతాంటే పిలిస్తి నాయనా. క్యారియర్ మర్సిపోయినాడని. ఎప్పుడు పిల్సినా తిరిగొచ్చేటోడు. ఈ పొద్దు తిరిగి సూడను కూడా సూడలేదు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెట్టొద్దులే ఆ బటన్. పోనీ ఆయన్ని."

ఇందాకే తప్పేమీ లేదని రాసి ఆ బగ్ మూసేశాను. ఫైల్ అట్లాగే కుప్పం పోయింది.

నెమ్మదిగా పో అన్నా. ఎక్కడున్నా నీ మనసు చల్లగా ఉండాలి.

మేం పిలవంలే.